రేవువలసకు వెళ్ళిన సీసా

ఆ బిడ్డ ఈనాడు క్షేమంగా ఉన్నది. మొన్ననే అన్నప్రాశన కూడా అయింది. ఈ మాట ముందుగా చెప్పకుండా కథ మొదలుపెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ రోజు నేను పడిన ఆందోళన మరొకరు కూడా పడవలసిన అవసరం లేదు.

గరివిడిలో జూనియర్ కళాశాల ప్రిన్సిపాలుగా నేను పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు బోధించాను. మా కుటుంబాలలో తక్కెడ పట్టకుండా జీవించిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి ఎవరికీ గుర్తు చేయను. నేను మరచిపోనూ లేదు. విరమణ తరువాత ఆమదాలవలసలో మా చెల్లెలు తాయారు ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాను. తాయారు భర్త నగరేశ్వరరావుకు స్టేషను రోడ్డులో పూజాసామగ్రి దుకాణం ఉన్నది. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి ఒక వైపు అరలలో ఉంటాయి; వసకొమ్ము, శొంఠి, పిప్పళ్ళు, బాలింతలకు కావలసిన మూలికలు రెండో వైపు. చుట్టుపక్కల పల్లెలలో ఏ ఇంట పురుడు వచ్చినా ఆ ఇంటివారు ఎవరో ఒకరు ఆ దుకాణం మెట్లెక్కవలసిందే.

వారి కుమార్తె హైమ విజయనగరంలో రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, దుకాణం వెనుకగదిలో గాజు గొట్టాలూ రాగి బిందే అమర్చుకుని సుగంధ తైలాలు తయారుచేయడం మొదలుపెట్టింది. ప్రాచీన ఈజిప్టు ప్రజలు కొలిచిన హాథోర్ అనే దేవత గురించి ఎక్కడో చదివి, ఆ దేవత పేర ఒక తైలం చేయాలన్న సంకల్పం పెట్టుకున్నది. హాథోర్ సుగంధానికీ సంగీతానికీ మాతృత్వానికీ అధిదేవత. శిరస్సున ఆవు కొమ్ములు, వాటి నడుమ సూర్యబింబం ధరించిన స్త్రీమూర్తి. బోళం, దాల్చినచెక్క నూనె, కవిటి వైపు ఇసుక నేలల నుంచి తెప్పించిన మొగలిపూల అత్తరు, ఈ మూడింటినీ వేరు వేరు పాళ్ళలో కలిపి చూస్తూ ఏడు నెలలు శ్రమించింది. చివరకు కుదిరిన వాసనను నేను ఇక్కడ వర్ణించను. నా ముక్కు పొగడ్తలకు తొందరపడేది కాదు, అయినా ఆ రోజు సీసా మూత పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

నగరేశ్వరరావుకు మాత్రం ఆ పేరు నోరు తిరగలేదు.

"మనకి దేవతలు తక్కువైపోనారేటి బావా, ఈజిప్టు నుంచి దింపుకుంటన్నారు?" అన్నాడు.

"హాథోర్ అనడం అంత కష్టమైన విషయం కాదు," అన్నాను.

"మీకు కష్టం కాదు. నా గిరాకీకి నేను సెప్పుకోవాలి కదా. ఆవు కొమ్ముల అమ్మోరు అంటాను, ఊరుకోండి."

సీసాతోపాటు ఇచ్చే కరపత్రాన్ని రాసే బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. హైమ ఒక చిత్తుప్రతి ఇచ్చింది. అందులో నాలుగే నాలుగు వాక్యాలు. మొదటి రెండూ దేవత గురించి. మిగిలిన రెండూ ఇవి: "మణికట్టు మీద గానీ బట్టల మీద గానీ ఒక్క చుక్క చాలు. పసిపిల్లలకు వాడవద్దు."

ఆ చివరి రెండు వాక్యాలు మందుసీసా మీది మాటల్లా ఉన్నాయని నాకు అనిపించింది. కాగితంలో పద్నాలుగు పంక్తులకు మించి చోటు లేదు. హాథోర్ దేవిని "మాతృమూర్తులకు రక్షకురాలు, నవజాత శిశువులకు అభయప్రదాయిని" అని సంబోధిస్తూ నేను రాసిన భాగానికే పద్నాలుగు పంక్తులు పట్టాయి. వాటిలో ఒక్క విశేషణాన్ని కూడా వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. కనుక ఆ రెండు వాక్యాలనూ కొట్టివేశాను. హైమ ఆ వారం పూల కోసం కవిటిలో ఉన్నది. శ్రీకాకుళంలో అచ్చువేయించి, ప్రూఫులు మూడుసార్లు దిద్ది, ఒక్క అచ్చుతప్పు కూడా లేకుండా కాగితాలను దుకాణానికి చేర్చాను. ఆ విషయాన్ని నగరేశ్వరరావుకు రెండుసార్లు చెప్పిన జ్ఞాపకం.

శుక్రవారం ఉదయం ఇరవై ఒక్క సీసాలనూ నేనే స్వయంగా అరలో పేర్చి, ఒక్కొక్క దాని మెడకు ఒక్కొక్క కాగితం కట్టాను. ఇంటికి వెళ్ళి ఫలహారం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పది గంటలకు తిరిగి వచ్చాను. అప్పటికే మూడు సీసాలు అమ్ముడుపోయాయని తాయారు సంతోషంగా చెప్పింది. నేను కుర్చీలో కూర్చుంటుండగానే హైమ పూలబుట్టతో రైలు దిగి వచ్చింది. బుట్ట కింద పెట్టి, ఒక సీసా తీసి, కాగితం విప్పి చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"మావయ్యా, నా రెండు వాక్యాలేవి?"

"అవి శైలికి ఒదగలేదమ్మా. తీసివేశాను."

"తీసేశారా? ఇందులో దాల్చినచెక్క నూనె ఉంది మావయ్యా. ఎక్కువ పడితే పెద్దవాళ్ళ చర్మమే మండుతుంది. చంటిపిల్లలకైతే బొబ్బలెక్కిపోతాయి."

"చంటిపిల్లలకు సెంటు ఎవరు పూస్తారమ్మా?"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న తాయారు సాంబ్రాణి పొట్లం కడుతున్నదల్లా ఆగిపోయింది.

"ఒసే హైమా, అలగనకే," అన్నది. "పొద్దున్న రేవువలస లక్ష్మణమ్మ వచ్చింది. కూతురు పురిటికొచ్చి ఉన్నాది కదా, ఇవాళ పదకొండో రోజు తానం. వసకొమ్మూ సాంబ్రాణీ కట్టించుకుని, ఈ సీసా సూసి, ఇదేటి తాయారమ్మా అంది. అన్నయ్య రాసిందంతా సదివి వినిపించాను. చంటిపిల్లల్ని కాపాడే తల్లి అని ఉన్నాది కదా మరి! మాడుకి పెడతానని పట్టుకెళ్ళిపోనాది."

పసిబిడ్డ నడినెత్తిన ఎముక ఇంకా కలవని మెత్తని చోటును మాడు అంటారు. స్నానానికి ముందు ఆ మాడుకు నూనె పెట్టని ఇల్లు మా జిల్లాలలో లేదు. ఆ నూనెను చుక్కలతో కొలవరు. అరచేతిలో పోసుకుని, మాడు నిండేటట్టు అద్దుతారు. బాలింత మందుల అరకు ఎదురుగా, దేవత బొమ్మతో, నా పద్నాలుగు పంక్తులతో నిలబడి ఉన్న సీసాను ఒక అమ్మమ్మ మరి దేనికి కొంటుందని నేను అనుకున్నానో, ఆ క్షణంలో నాకు నేనే చెప్పుకోలేకపోయాను.

"తానం ఎన్నింటికన్నాది?" అని నగరేశ్వరరావు అడిగాడు.

"పదకొండున్నర లోపల."

గడియారంలో పదీ ఐదు. లక్ష్మణమ్మ దగ్గర ఫోను లేదు. దుకాణంలో ఉన్నది ఆమె కొడుకు తిరుమలరావు నంబరు ఒక్కటే. అతను గరివిడి కర్మాగారంలో పనిచేస్తాడు; డ్యూటీలో ఉన్నంతసేపూ అతని ఫోను గేటు దగ్గరే ఉంటుంది. మూడుసార్లు మోగి ఆగింది. మిగిలిన రెండు సీసాలూ కొన్నది హైస్కూలు టీచర్లిద్దరు. వాళ్ళకు తాయారు ఫోను చేసి చెప్పింది. నగరేశ్వరరావు ఒక్క మాట కూడా అనకుండా అరలోని పద్దెనిమిది సీసాలనూ దించి బల్ల కింద పెట్టాడు. అతను నన్ను ఏదైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. హైమ కొబ్బరినూనె సీసా ఒకటి, మెత్తని పాతగుడ్డ ఒకటి సంచిలో వేసుకున్నది.

"నీళ్ళతో కడిగితే పోదు," అన్నది. "ముందు కొబ్బరినూనెతో తుడవాలి. నడవండి మావయ్యా."

రేవువలస శ్రీముఖలింగం వెళ్ళే వైపు, వంశధార గట్టుకు ఆనుకుని ఉన్న పల్లె. ఎర్రన్న ఆటోలో బయలుదేరాము. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి కోసం అరగంటకు పైగా ఆగవలసి వచ్చింది. ఆ బండికి ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టాను. యాభై ఎనిమిది.

"ఎర్రన్నా, మరొక దారి ఏదైనా ఉన్నదా?"

"ఉంటే ఇక్కడ కూకుంటానా మేష్టారూ? ఆ గేటు నా సేతిలో ఉన్నాదేటి ఎత్తీడానికి?" అని, అద్దంలో హైమ ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏటి పాపా, ఆసుపత్రి పనా?"

"కాకూడదనే వెళ్తున్నాం," అన్నది హైమ.

ఆ తరువాత ఎర్రన్న గతుకులను లక్ష్యపెట్టలేదు.

దారి పొడవునా ఆ ఇంటివారితో ఏమి చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటూ వచ్చాను. నేను సంతకం చేసిన కాగితం ఒక్కటీ ఇంతవరకు ఎవరికీ కీడు చేయలేదు. పరీక్ష ఫలితాలలో ఒక్క మార్కు తేడా వచ్చినా రెండు రాత్రులు నిద్రపోని మనిషిని. అలాంటిది, పదకొండు రోజుల బిడ్డ నడినెత్తి మీద మంట పుట్టించే నూనె పోయించే కాగితాన్ని అచ్చుతప్పు లేకుండా అచ్చువేయించి, గర్వంగా దారంతో కట్టాను.

"హైమా," అన్నాను. "తప్పు పూర్తిగా నాది."

"ఇప్పుడవన్నీ ఎందుకు మావయ్యా?" అని ఆమె బయటకు చూసింది. సంచి మూతి ముడివేస్తూ, "నేను ఒకసారి చూసుకోవలసింది," అన్నది. ఆ మాట నన్ను మరింత బాధించింది. నేను చూసిన దానిని మళ్ళీ చూడవలసిన అవసరం ఉండదని ఆమెకు చిన్నప్పటి నుంచీ నేర్పినది నేనే.

రేవువలస చేరేసరికి పన్నెండు దాటింది. స్నానం వేళ గడిచిపోయింది. లక్ష్మణమ్మ ఇల్లు వీధి చివర ఉన్నది. ఇంకా మూడు ఇళ్ళ దూరంలో ఉండగానే ఆ వాసన మమ్మల్ని తాకింది. మొదట మొగలి, దాని వెనుక దాల్చినచెక్క, అన్నిటి అడుగునా బోళం. ఏడు నెలలు వెనుకగదిలో పుట్టి పెరిగిన ఆ వాసన మట్టివీధిలో, ఎండుగడ్డి వాసన నడుమ నిలబడి ఉన్నది. హైమ నా చెయ్యి పట్టుకున్నది. సీసా మూత తీసినంత మాత్రాన అంత వాసన రాదు. మొత్తం వాడితేనే వస్తుంది.

లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

నేను పరుగెత్తి ఎన్నేళ్ళయిందో చెప్పలేను. ఆ పూట పరుగెత్తాను.

పెరటి వైపు నుంచి లక్ష్మణమ్మ నీళ్ళ బాల్చీతో ఎదురైంది. అరవై ఏళ్ళు దాటిన, గట్టి మనిషి. మమ్మల్ని చూసి బాల్చీ దించింది.

"ఏటి బాబూ, ఇటేపొచ్చినారేటి? ఏటమ్మా హైమమ్మా, మొకం అలగున్నాదేటి?"

"అత్తా, ఆ నూనె," అన్నది హైమ ఆయాసపడుతూ. "పొద్దున్న అమ్మ ఇచ్చిన నూనె... పెట్టీసారా?"

"ఏ నూనె? ఓ, ఆ సెంటు నూనా? అదెప్పుడో అయిపోనాది."

నేను వాకిట్లోని స్తంభాన్ని పట్టుకున్నాను.

"మొత్తమా?" అన్నది హైమ.

"మొత్తమే. బుడ్డి ఎంతున్నాదని? రెండు కొమ్ములకీ సరిగ్గా సాలనేదు."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత వ్యవధి పట్టింది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ జీవితమంతా వాక్యాలను విడదీసి అర్థం చెప్పినవాణ్ణి. "కొమ్ములకా?" అని మాత్రం అనగలిగాను.

"ఆవు కొమ్ములకి బాబూ. రండి, సూడండి."

పెరట్లో పాక కింద తెల్లావు ఒకటి తీరిగ్గా గడ్డి నములుతున్నది. దాని రెండు కొమ్ములూ మొదలు నుంచి కొస దాకా నల్లగా, నిగనిగలాడుతున్నాయి. తల తిప్పినప్పుడల్లా మొగలివాసన పెరడంతా చుట్టి వస్తున్నది. హైమ అక్కడే ఉన్న గడ్డిమోపు మీద కూలబడి, సంచిలోని కొబ్బరినూనె సీసాను ఒడిలో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నవ్వు ఆగలేదు.

"ఏటమ్మా, నవ్వుతన్నావా, ఏడస్తన్నావా?" అని లక్ష్మణమ్మ కంగారుపడింది. "మీ నూనె మంచిదే. సూడు, ఒక్క ఈగ వాల్డం నేదు."

"మరి బిడ్డకు?" అని నేను అడిగాను.

"బిడ్డకే పెడదామనుకున్నాను. ఇదుగో, మా దుర్గాభవాని పడనీనేదు."

బాలింత గది కిటికీ లోంచి ఆమె కూతురి గొంతు వినిపించింది. మనిషి కనపడలేదు, గొంతు మాత్రం తరగతిలో వెనుక బల్ల దాకా వినిపించే గొంతు.

"ఎలగ పడనిస్తానమ్మా? మూత తీసేసరికి ఇల్లంతా పెళ్ళివారొచ్చినట్టయిపోనాది. నా పిల్ల పాలవాసనొస్తాది. సీకట్లో కళ్ళు మూసుకునున్నా, అదే నా పిల్లని తెలస్తాది. అది పోయి సెంటు వాసనొస్తే, నాకు నా పిల్లేదో ఎలగ తెలస్తాది?"

"అమ్మోరి నూనె, పారబోయకూడదు కదా," అని లక్ష్మణమ్మ నాతో అన్నది. "బొమ్మలో ఆ తల్లికీ కొమ్ములున్నాయి. అందుకని ఆవుకి పూసీసాను. తప్పేటి?"

"తప్పు లేదు," అన్నాను. దారి పొడవునా కూర్చుకున్న వాక్యాలు అప్పుడు గుర్తుకు వచ్చాయి. చొక్కా సర్దుకుని, నిలబడి మొదలుపెట్టాను. "లక్ష్మణమ్మగారూ, నా అనవధానత కారణంగా మీ కుటుంబానికి సంభవించి ఉండగల ప్రమాదానికి నేను సంపూర్ణ బాధ్యత వహిస్తూ..."

లక్ష్మణమ్మ హైమ వైపు తిరిగింది. "మీ మావయ్యగారు ఏటంటన్నారమ్మా? పొద్దున్న మీ అమ్మ సదివిందీ ఇలగే ఉన్నాది. పిల్లల్ని కాపాడతాదన్న ముక్క ఒకటీ మీ అమ్మే ఇడమరిసి సెప్పింది. మిగతాది ఏటో మంత్రమనుకుని దండమెట్టుకున్నాను."

నేను వాక్యాన్ని పూర్తిచేయలేదు.

"ఆ నూనె పసిపిల్లలకు పెట్టకూడదమ్మా," అన్నాను. "పెడితే కాలుతుంది. ఆ మాట హైమ రాసింది. నేను కొట్టేశాను. అది చెప్పడానికే పరుగెత్తుకుని వచ్చాను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కాలుతుందన్న మాట ఆమెకు బాగానే అందింది. క్షణం సేపు కిటికీ వైపు చూసి, దవడ బిగించి, "అలాంటి మాట కొట్టీవచ్చా బాబూ?" అన్నది.

"కొట్టకూడదు."

"ఊఁ," అన్నది. ఇంకా ఏదో అంటుందని తల వంచుకుని వేచి ఉన్నాను. ఆమె బాల్చీ ఎత్తుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఎండన పడొచ్చినారు. పిల్ల బాగున్నాది కదా. కూకోండి, మజ్జిగిస్తాను."

బిడ్డ తలను హైమ స్వయంగా చూసి వస్తానన్నది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని లోపలికి వెళ్ళింది. బయటకు వచ్చి దుకాణానికి ఫోను చేసింది. తాయారు ఏడుపు నాకు అరుగు మీదికే వినిపించింది. తరువాత నగరేశ్వరరావు ఫోను తీసుకుని నన్ను పిలవమన్నాడు.

"బావా, పిల్ల బాగున్నాదట కదా."

"బాగున్నది."

"ఆవో?"

"ఆవు కూడా బాగున్నది."

"అయితే మజ్జిగ తాగి నెమ్మదిగా రండి," అన్నాడు. అతని గొంతులో నవ్వు ఉన్నది. ఉదయం నుంచి అతను నాతో అన్న మొదటి మాటలు అవే. ఆ నవ్వుకు నేను ఎంతగా ఎదురుచూశానో అప్పుడు తెలిసింది.

మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి ఇచ్చింది లక్ష్మణమ్మ. ఎర్రన్న రెండు గ్లాసులు తాగి, ఆవు చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూసి వచ్చి, తన ఆటోకు కూడా ఒక సీసా కావాలన్నాడు. ఎవరో నా వీపు మీద నుంచి బస్తా దించినట్టు భుజాలు తేలికగా ఉన్నాయి. చెట్టు నీడ, నది మీది గాలి, పాకలో ఆవు నములుతున్న చప్పుడు, అన్నీ ఆ క్షణమే మొదలైనట్టు అనిపించింది.

వెళ్ళబోతూ, బిడ్డను ఒక్కసారి చూడవచ్చునా అని అడిగాను. లక్ష్మణమ్మ గది తలుపు సగం తీసింది. నేను చెప్పులు విడిచి, గడపలో ఒక కాలు పెట్టాను.

"తాతగారూ, అక్కడే ఆగండి," అన్నది దుర్గాభవాని మంచం మీద నుంచి. "పొద్దున్నంతా ఆ సీసాలు ముట్టుకున్నారు గావాల. మీరూ ఆవునాగే ఉన్నారు."

చేతులు వాసన చూసుకున్నాను. ఆమె చెప్పినది నిజం. ఇరవై ఒక్క సీసాలూ పేర్చిన చేతులు.

కాలు వెనక్కి తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలను గుమ్మం బయట నిలబెట్టినవాణ్ణి, ఆ బాలింత మాటకు గుమ్మం బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బిడ్డ తల్లి పక్కన తెల్లని పాతచీర మడతలలో పడుకుని ఉన్నది. నెత్తి మీద జుట్టు స్నానం తరువాత ఆరి, మెత్తగా లేచి ఉన్నది. దాని నడుమ మాడు ఊపిరితోపాటు సన్నగా కదులుతున్నది. ఒక్క ఎర్రని మచ్చ కూడా లేదు.

"బాగా కనపడతన్నాదా?" అని దుర్గాభవాని అడిగింది.

"కనపడుతున్నదమ్మా," అన్నాను.

ఆమె బిడ్డను కొంచెం నా వైపు తిప్పి పట్టుకున్నది. ఎర్రన్న బయట హారను మోగించినా నేను కదలలేదు.